చిట్టా చెరిగిపోయింది, సేటుకు ఏమని చెప్పాలి?

పరకాల వైపు పల్లె నుంచి ఒక పాఠకురాలు తన పేరు, తాను పనిచేసే దుకాణం పేరు బయటపెట్టవద్దని కోరుతూ వివరంగా ఉత్తరం రాశారు. హన్మకొండలో కంప్యూటర్ సైన్స్‌తో డిగ్రీ పూర్తి చేసిన ఆమె, ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటూనే, ఇంటికి ఆసరాగా ఉంటుందని వరంగల్‌లో రైతుల పంటను కమిషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాసే పనికి చేరారు. పత్తి సీజన్ మొదలైనప్పుడు దుకాణంలో మూలన పడి ఉన్న కంప్యూటర్‌ను శుభ్రం చేసి, తనకు వచ్చిన సి భాషలో ఒక ప్రోగ్రామ్ రాశారు. కాంటా అయిన ప్రతి లాట్‌కు రైతు నంబరు, బస్తాల సంఖ్య, తూకం, క్వింటాల్ ధర కొడితే, హమాలీ వంటి ఖర్చులు పోను రైతుకు రావలసిన మొత్తాన్ని ఆ ప్రోగ్రామ్ తెర మీద చూపుతుంది, ఒక టెక్స్ట్ ఫైల్‌లోనూ రాస్తుంది. రైతుల పేర్లను, ఊర్లను ఆమె నోట్‌ప్యాడ్‌లో తెలుగులో టైపు చేసి వేరే ఫైల్‌గా పెట్టుకున్నారు. నంబరు కొడితే పేరు అక్కడి నుంచి వస్తుంది.

కొన్నాళ్లు అంతా బాగానే నడిచింది. పోయిన వారం పత్తి మొత్తం ఎంతయిందో చూపమని సేటు అడిగిన రోజున ఫైల్ తెరిస్తే, అందులో ఆ ఉదయం కొట్టిన లాట్లు తప్ప ఏమీ లేవు. మరో మధ్యాహ్నం కరెంటు పోయింది. తిరిగి వచ్చాక చూస్తే, తెర మీద తన కళ్లతో చూసిన చివరి లాట్లు ఫైల్‌లో లేవు. అవి చాలవన్నట్టు, పేజీ అడుగున పడే మొత్తానికీ, పెద్ద గుమాస్తా చేత్తో కూడిన మొత్తానికీ పైసల్లో తేడా వస్తోంది. పేర్ల పక్కన అంకెలు వంకరటింకరగా పడుతున్నాయి. "చేతిరాత చేతిరాతే బిడ్డా, గీ మిషన్ మీద భరోసా పెట్టుకుంటే రేపు రైతుకు ఏం జవాబు చెప్తం?" అని సేటు అన్నారట. ఎక్సెల్‌లో కొట్టుకోక ఎందుకీ తిప్పలని అన్నయ్య విసుక్కుంటున్నారు. వారం లెక్క పోయిన సంగతి ఆమె ఇంకా సేటుకు చెప్పలేదు. కంప్యూటర్ బాగాలేదని మాత్రం అన్నారు. పోయినవి తిరిగి వస్తాయా, ప్రోగ్రామ్‌ను పక్కన పెట్టేయాలా, సేటుకు ఎలా చెప్పాలి, ఇంత జరిగాక దీన్ని ఇంటర్వ్యూలలో చెప్పుకోవచ్చా అని అడుగుతూ, ప్రోగ్రామ్ ప్రతిని కూడా జతచేశారు.

సమాధానం:

మీ ఉత్తరంలో మళ్లీ మళ్లీ కనిపించిన మాట "నేను పోగొట్టాను" అన్నది. దాన్ని కాసేపు పక్కన పెట్టి, ఏ రోజు ఏం జరిగిందో విడివిడిగా చూద్దాం. మీరు ఒకే గండం అనుకుంటున్న దానిలో నాలుగు వేర్వేరు సంగతులున్నాయి. ఒకదానికి వేసే మందు మరొకదానికి పనిచేయదు. పైగా నాలుగింటినీ కలిపి చూడడం వల్లనే ప్రోగ్రామ్ మొత్తం చెడ్డదన్న నిర్ణయానికి మీరు వచ్చేస్తున్నారు.

పాత లాట్లు మాయం కావడంతో మొదలుపెడతాను. మీ ప్రోగ్రామ్‌లో మెయిన్ మొదలైన వెంటనే ఫైల్‌ను తెరిచే ఎఫ్‌ఓపెన్ ఉంది, ఏ విధంలో తెరవాలో చెప్పే చోట "డబ్ల్యూ" ఇచ్చారు. ఆ విధంలో తెరిస్తే, ఆ పేరుతో ఫైల్ లేకపోతే కొత్తది పుడుతుంది. ఉంటే అందులో ఉన్నదంతా పోయి దాని పొడవు సున్నా అవుతుంది. ఇది ఫైల్‌కు రాసే మొదటి ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ దగ్గర జరిగే పని కాదు, తెరిచిన క్షణంలోనే జరిగిపోతుంది. "శనివారం సాయంత్రం ఊరికే తెరిచి చూశాను, ఏమీ కొట్టలేదు, అయినా ఫైల్ ఖాళీ అయింది" అని మీరు ఆశ్చర్యపోయిన దానికి కారణం ఇదే. రోజూ ఉదయం మీరు ప్రోగ్రామ్ తెరిచిన ప్రతిసారీ నిన్నటి లెక్క తుడిచిపెట్టుకుపోయింది. ప్రోగ్రామ్ మీరు చెప్పినట్టే చేసింది. చాలా పాఠాల్లో ఫైల్‌కు రాసే మొదటి ఉదాహరణ ఈ "డబ్ల్యూ"తోనే ఉంటుంది, మరుసటి రోజు అదే ప్రోగ్రామ్‌ను మళ్లీ నడిపితే ఏమవుతుందో అడిగే అవసరం తరగతి గదిలో రాదు.

దీనికి అందరూ చెప్పే విరుగుడు "డబ్ల్యూ" తీసి "ఏ" పెట్టమని. "ఏ"తో తెరిచిన ఫైల్‌లో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, కొత్త రాత ఎప్పుడూ చివరనే పడుతుంది; ప్రోగ్రామ్ మధ్యలో ఎఫ్‌సీక్‌తో వెనక్కి జరిగినా సరే, రాసేటప్పుడు మళ్లీ చివరికే వెళ్తుంది. ఒక్క అక్షరం మారిస్తే మీ నష్టం ఆగుతుంది, ఈ రాత్రే మార్చండి. కానీ అక్కడితో ఆగితే రేపటి నుంచి ఇంకో తలనొప్పి మొదలవుతుంది. మీ ప్రోగ్రామ్ మొదట్లో శీర్షికలు, గీతలు రాస్తుంది, మూసేటప్పుడు మొత్తం రాస్తుంది. "ఏ" పెట్టాక, ప్రోగ్రామ్ తెరిచి మూసిన ప్రతిసారీ ఫైల్ నడుమ ఒక శీర్షిక, ఒక మొత్తం వచ్చి కూర్చుంటాయి. మధ్యాహ్నం భోజనానికి మూసి మళ్లీ తెరిస్తే, సగం రోజు మొత్తం ఒకటి, మిగతా సగం మొత్తం ఒకటి పడతాయి. వారం తిరిగేసరికి ఆ ఫైల్ మనిషికీ చదవరాదు, మరో ప్రోగ్రామ్‌కూ చదవరాదు.

ఇక్కడే మీ సేటు నమ్ముకున్న చేతిరాత పద్ధతి నుంచి నేర్చుకోవలసినది ఉంది. పాత దుకాణాల్లో చిట్టా వేరు, ఆవర్జా వేరు. చిట్టాలో బేరం జరిగిన వరుసలో, జరిగిన అప్పుడే పద్దు పడుతుంది. తప్పు పడితే పాత పద్దును చెరపరు, కింద సవరణ పద్దు రాస్తారు. ఆవర్జా చిట్టా నుంచి ఎత్తి రాసేది. అది నీళ్లలో తడిసినా, చిట్టా ఉంటే మళ్లీ రాసుకోవచ్చు. మీ ప్రోగ్రామ్ ఒకే టెక్స్ట్ ఫైల్‌ను చిట్టాగానూ, ఆవర్జాగానూ వాడింది. నిజమైన లోపం "డబ్ల్యూ" కన్నా ఇదేనని నా అభిప్రాయం. చిట్టా ఫైల్‌ను ఎప్పుడూ "ఏ"తోనే తెరవాలి, అందులో శీర్షికలు, గీతలు, మొత్తాలు ఉండకూడదు, ఒక లాట్‌కు ఒక వరుస మాత్రమే ఉండాలి. సేటుకు చూపే పట్టికను చిట్టా చదివి "డబ్ల్యూ"తో కొత్తగా రాయవచ్చు. అది ఎన్నిసార్లు చెరిగినా నష్టం లేదు, ఎందుకంటే అందులో చిట్టాలో లేనిదేదీ లేదు.

చిట్టాను ఒకే ఫైల్‌గా ఉంచాలా, రోజుకొకటి చేయాలా అన్నది మీ ఇష్టం. ఒకే ఫైల్ అయితే సీజన్ మొత్తం కూడడం సులువు, కానీ ఎవరైనా పొరపాటున దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఏదో చెరిపి సేవ్ చేస్తే సీజన్ అంతటికీ దెబ్బ. ఫైల్ పేరులో తేదీ పెట్టి రోజుకొకటి చేస్తే నష్టం ఒక్క రోజుకే పరిమితమవుతుంది, సాయంత్రం ఆ చిన్న ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తుకోవడమూ తేలిక. బదులుగా వారం మొత్తం కావాలంటే ప్రోగ్రామ్ ఏడు ఫైళ్లు తెరవాలి. తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో రాయండి, అప్పుడు ఫోల్డర్‌లో ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి. రోజు, నెల, సంవత్సరం వరుసలో రాస్తే డిసెంబరు ఒకటో తేదీ నవంబరు రెండో తేదీ కన్నా ముందు వచ్చి కూర్చుంటుంది. నేనైతే రోజుకొక ఫైల్ వైపే మొగ్గుతాను.

పాత ఫైల్ పొరపాటున చెరగకుండా, సి భాష 2011 ప్రమాణంలో "డబ్ల్యూ" పక్కన "ఎక్స్" చేర్చే వీలు వచ్చింది. అలా తెరిస్తే, ఆ పేరుతో ఫైల్ అప్పటికే ఉన్నప్పుడు ఎఫ్‌ఓపెన్ తెరవకుండా తిరస్కరిస్తుంది. పాత కంపైలర్లు దీన్ని ఒప్పుకోకపోవచ్చు కనుక, నమ్మే ముందు ఒక ఉత్తుత్తి ఫైల్ మీద పరీక్షించుకోండి.

ఇప్పుడు మీకు కాస్త ఊరటనిచ్చే సంగతి. "మొదట్లో కోడ్‌బ్లాక్స్ నుంచే నడిపేదాన్ని, తరువాత డెస్క్‌టాప్ మీద ఐకాన్ పెట్టుకున్నాను" అని మీరు మాటవరసకు రాసిన వాక్యం దగ్గర నేను ఆగాను (కోడ్‌బ్లాక్స్ అంటే ప్రోగ్రామ్ రాసి నడిపే సాఫ్ట్‌వేర్). మీరు ఎఫ్‌ఓపెన్‌కు ఫైల్ పేరు మాత్రమే ఇచ్చారు, ఏ ఫోల్డర్ అన్నది ఇవ్వలేదు. అలాంటప్పుడు ఆ ఫైల్, ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్‌ను ఆధారంగా చేసుకుని నడుస్తుంటే అక్కడ పుడుతుంది. కోడ్‌బ్లాక్స్ నుంచి నడిపితే అది మామూలుగా ప్రాజెక్ట్ ఫోల్డర్; ఐకాన్ నుంచి నడిపితే ప్రోగ్రామ్ ఫైల్ ఉన్న ఫోల్డర్, అంటే బిన్ లోపలి డీబగ్. ఒకే పేరుతో రెండు ఫైళ్లు రెండు చోట్ల ఉండే అవకాశం గట్టిగా ఉంది. కంప్యూటర్ మొత్తం మీద ఆ పేరుతో వెతకండి. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఉన్నది మీరు కోడ్‌బ్లాక్స్ నుంచి చివరిసారి నడిపిన రోజుదై ఉంటుంది. అంతకు ముందువి అందులోనూ తుడిచిపెట్టుకుపోయే ఉంటాయి. అయినా ఒక రోజు లెక్క దొరికినా దొరికినట్టే. ఇకమీదట పూర్తి దారి ఇవ్వండి. ఆ దారిలో ఫోల్డర్ల మధ్య వెనక్కి వాలిన గీతను ఒక్కటి కాకుండా రెండు రాయాలి, లేదంటే ముందుకు వాలిన గీత వాడాలి. ఒక్కటే రాస్తే, ఫోల్డర్ పేరు "ఎన్" అక్షరంతో మొదలైనప్పుడు కంపైలర్ దాన్ని కొత్త వరుస గుర్తుగా, "టీ"తో మొదలైనప్పుడు ట్యాబ్‌గా చదువుకుని, లేని దారి కోసం వెతుకుతుంది.

మిగిలిన రోజుల సంగతి అంత ఆశాజనకం కాదు. విండోస్‌లో ఫైల్ మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్‌లో పాత ప్రతులు ఏమైనా ఉన్నాయేమో చూడండి; ఆ సౌకర్యం ముందే ఆన్ చేసి ఉంటేనే ఉంటాయి. పోయిన ఫైళ్లను తెచ్చిపెడతామనే సాఫ్ట్‌వేర్‌ను అదే కంప్యూటర్‌లోకి ఎక్కించకండి, అది ఎక్కే చోటే మీ పాత అక్షరాలు ఉండవచ్చు. ఇలా రోజూ కుదించి, మళ్లీ రాసిన ఫైల్ విషయంలో డబ్బు పెట్టి ప్రయత్నించదగినంత ఆశ ఉందని నేను అనుకోను. అసలు తిరిగి రాసుకునే దారి కంప్యూటర్‌లో లేదు, రైతుకు లెక్క రాసి ఇచ్చే చీటీ అయిన తక్‌పట్టీ నకళ్లలో ఉంది. దానికి మళ్లీ వస్తాను.

కరెంటు పోయిన మధ్యాహ్నం జరిగింది పూర్తిగా వేరు. ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ పిలిచిన వెంటనే అక్షరాలు డిస్కు మీదికి చేరవు. అవి మొదట ప్రోగ్రామ్ తన దగ్గర ఉంచుకునే బఫర్‌లో పోగవుతాయి. బఫర్ నిండినప్పుడో, ఫైల్‌ను మూసే ఎఫ్‌క్లోజ్ పిలిచినప్పుడో, ప్రోగ్రామ్ సక్రమంగా ముగిసినప్పుడో ఒక్కసారిగా బయటికి వెళ్తాయి. బఫర్ సాధారణంగా కొన్ని వేల బైట్లు ఉంటుంది. మీ వరుస ఒక్కొక్కటి వంద బైట్ల పైచిలుకు అనుకున్నా, ముప్పై నలభై లాట్లు డిస్కును తాకకుండా మెమరీలోనే ఉండిపోగలవు. కరెంటు పోతే అవి ఎక్కడా లేనట్టే. తెర మీద కనిపించాయి కదా అని మీరు అడిగారు. తెరకు రాసే ప్రింట్‌ఎఫ్, ఫైల్‌కు రాసే ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ రెండూ వేర్వేరు ప్రవాహాలు, వేర్వేరు బఫర్లు. తెర మీద చూసినది ఫైల్ గురించి ఏ సాక్ష్యమూ చెప్పదు.

ఇక్కడ మీ ముందు మూడు దారులున్నాయి. ప్రతి లాట్ తరువాత ఎఫ్‌ఫ్లష్ పిలవడం అన్నిటికన్నా చిన్న మార్పు. అది బఫర్‌లో ఉన్నదాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగిస్తుంది. అప్పుడు మీ ప్రోగ్రామ్ మధ్యలో కూలిపోయినా లాట్ పోదు. కానీ ఆపరేటింగ్ సిస్టమ్ కూడా దాన్ని వెంటనే డిస్కుకు రాయకుండా కొద్దిసేపు తన దగ్గర ఉంచుకుంటుంది కనుక, సరిగ్గా ఆ వ్యవధిలో కరెంటు పోతే అది పోవచ్చు. ఆ చివరి సందు కూడా మూయాలంటే ఎఫ్‌ఫ్లష్ తరువాత విండోస్‌లో కమిట్ అనే ఫంక్షన్ ఉంది, లినక్స్‌లో ఎఫ్‌సింక్. ఇవి డిస్కుకు రాసేదాకా ఆగుతాయి, కనుక నెమ్మది. వేల వరుసలు ఒక్క ఊపులో రాసే ప్రోగ్రామ్‌లో ఆ నెమ్మది భరించలేం, కానీ మీకు ఒక లాట్‌కూ మరో లాట్‌కూ మధ్య బస్తాలు కాంటా మీదికి ఎక్కి దిగాలి. కంప్యూటర్‌కు అంత తీరిక మరెక్కడా దొరకదు.

మూడో దారిలో, లాట్ కొట్టిన ప్రతిసారీ ఫైల్‌ను "ఏ"తో తెరిచి, వరుస రాసి, ఎఫ్‌క్లోజ్ చేస్తారు. ఫైల్ తెరిచి ఉండే సమయం చాలా తగ్గుతుంది, మధ్యలో పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తుకోవడానికీ అడ్డుండదు. అయితే పెద్ద గుమాస్తా అదే ఫైల్‌ను ఎక్సెల్‌లో తెరిచి పెట్టుకుని ఉంటే, మీ ఎఫ్‌ఓపెన్ విఫలమయ్యే అవకాశం ఉంది. మీ ప్రోగ్రామ్‌లో ఎఫ్‌ఓపెన్ తిరిగి ఇచ్చినది నల్ (ఫైల్ తెరుచుకోలేదన్న గుర్తు) అవునో కాదో ఎక్కడా చూడలేదు. అది తప్పక చూడాలి. నల్ వస్తే పెర్రర్‌తో కారణం తెర మీద వేసి, "ఈ లాట్ ఫైల్‌లో పడలేదు" అని మీకు తెలిసేలా ఆపాలి. ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ రుణ సంఖ్య తిరిగి ఇచ్చిందా, ఎఫ్‌క్లోజ్ సున్నా కాక మరేదైనా ఇచ్చిందా అన్నదీ చూడండి. చివరిది చాలామంది వదిలేస్తారు, కానీ పెన్‌డ్రైవ్ నిండిపోయినప్పుడు ఆ సంగతి ఎఫ్‌క్లోజ్ దగ్గరే బయటపడవచ్చు, ఎందుకంటే బఫర్‌లో మిగిలినదాన్ని నిజంగా రాయబోయేది అప్పుడే.

ఏ దారి ఎంచుకున్నా, దుకాణంలో పెట్టే ముందు ఇంట్లో ఒక పరీక్ష చేయండి. నాలుగైదు లాట్లు కొట్టి, ప్రోగ్రామ్‌ను మూయకుండా టాస్క్ మేనేజర్ నుంచి చంపేసి, ఫైల్ తెరిచి వరుసలు లెక్కపెట్టండి. మీ ఇప్పటి ప్రోగ్రామ్‌తోనూ ఒకసారి చేసి చూడండి, ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో కళ్లారా కనిపిస్తుంది. బఫర్ తీరును మార్చే సెట్‌వీబఫ్‌తో వరుస వరుసకూ ఖాళీ అయ్యేలా పెడితే చాలదా అని మీకు తోచవచ్చు. లినక్స్‌లో చాలు. విండోస్‌లో మాత్రం ఆ అమరికను పూర్తి బఫర్‌లాగే చూస్తారు, కాబట్టి ఎఫ్‌ఫ్లష్‌నే నమ్ముకోండి.

పైసల తేడాకు కారణం మీరు మొత్తాలను దశాంశ సంఖ్యలకు వాడే చిన్న రకమైన ఫ్లోట్‌లో ఉంచడం. ఫ్లోట్‌కు ఉన్నది 24 బిట్ల కచ్చితత్వం. మొత్తం 10,48,576 రూపాయలు దాటాక అది 12.5 పైసల మెట్ల మీద మాత్రమే నిలబడగలదు, 20,97,152 దాటాక 25 పైసల మెట్ల మీద. సీజన్ మొత్తం 1,67,77,216 రూపాయలు దాటిందంటే బేసి రూపాయి కూడా అందులో పట్టదు. పెద్ద గుమాస్తా చేతి లెక్కే సరైనది, ఆయనకు ఆ మాట చెప్పండి, సంతోషిస్తారు. దానికన్నా ఎక్కువ అంకెలు పట్టే డబుల్ వాడితే మీ స్థాయి లెక్కలకు సరిపోతుంది. అంతకన్నా శుభ్రమైన పద్ధతి అన్నిటినీ పైసల్లో పూర్ణాంకాలుగా, పెద్ద పూర్ణాంకాలు పట్టే లాంగ్ లాంగ్‌లో ఉంచి, ఫైల్‌కు రాసేటప్పుడు మాత్రమే నూటితో భాగించి రూపాయలు, శేషంగా పైసలు రాయడం. ఇందులో ఒక చిన్న ఉచ్చు ఉంది. పైసలను రెండంకెల వెడల్పుతో, ముందు సున్నా నింపేలా రాయకపోతే, 87,944 రూపాయల 5 పైసలు చుక్క తరువాత ఒక్క 5తో పడుతుంది, చదివేవారు దాన్ని యాభై పైసలు అనుకుంటారు.

వంకరటింకర వరుసల సంగతి మన తెలుగు అక్షరాలది. పేరుకు ఇరవై వెడల్పు ఇచ్చారు మీరు. ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ ఆ ఇరవైని బైట్లలో లెక్కపెడుతుంది. నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో దాచిన తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతం గుర్తుకూ, పొల్లుకూ మూడేసి బైట్లు. "రాజు" అంటే నాలుగు గుర్తులు, పన్నెండు బైట్లు; దాని తరువాత ఎనిమిది ఖాళీలు పడతాయి. "సమ్మయ్య" అంటే ఏడు గుర్తులు, ఇరవై ఒక్క బైట్లు; ఖాళీ ఒక్కటీ పడదు, పక్కనున్న ఊరి పేరు వచ్చి అతుక్కుంటుంది. పేరును పొట్టి చేద్దామని పది బైట్లకు కోత పెడితే మూడు గుర్తుల తరువాత నాలుగో దాని మూడో వంతు మిగిలి, అక్కడ పిచ్చి గుర్తు కనిపిస్తుంది. తేలికైన ఉపాయం, అంకెల గడులన్నీ ముందు పెట్టి పేరును, ఊరును వరుస చివరికి జరపడం. చిట్టా ఫైల్‌లో అయితే వెడల్పులే వద్దు, గడికీ గడికీ మధ్య ట్యాబ్ పెట్టండి. కామా పెట్టవద్దు; "సమ్మయ్య, తండ్రి మల్లయ్య" అన్న పేరులోనే కామా ఉంటుంది, లక్షల అంకెల్లోనూ కామాలుంటాయి.

అన్నయ్య చెప్పిన ఎక్సెల్‌ను కొట్టిపారేయకండి. దుకాణంలో మీరు లేని రోజున కూడా ఎవరైనా తెరిచి చూడగలరు, కూడికలు అదే చేస్తుంది. కానీ అందులో ఒక గడి మీద పొరపాటున వేలు పడితే పాత అంకె పోయి కొత్తది వస్తుంది, చెరిగిన ఆనవాలు సేవ్ చేశాక మిగలదు. మీకు ఇప్పుడు జరిగిన నష్టం అక్కడ ఇంకొంచెం నెమ్మదిగా జరగవచ్చు. మీ ప్రోగ్రామ్ ట్యాబ్‌లతో చిట్టా రాస్తే, దాని నకలును ఎక్సెల్‌లోకి తెచ్చుకుని పట్టికలు అక్కడ చేసుకోవచ్చు. అప్పుడు ఇద్దరి మాటా నెగ్గినట్టే. తెలుగు అక్షరాలు ఎక్సెల్‌లో గజిబిజిగా వస్తే, ఆ నకలు ఫైల్ మొదట్లో యూటీఎఫ్-8 గుర్తుగా మూడు బైట్లు రాయాలి.

మీ స్నేహితురాలు చెప్పిన మరో పద్ధతి, ప్రోగ్రామ్ పేరు పక్కన బాణం గుర్తు పెట్టి తెర మీది రాతనంతా ఫైల్‌కు మళ్లించడం, మీ పనికి నప్పదు. అలా చేస్తే "తూకం కొట్టండి" వంటి ప్రశ్నలు కూడా ఫైల్‌లోకే పోతాయి, మీరు చీకట్లో అంకెలు కొట్టవలసి వస్తుంది. ఒక్క బాణం "డబ్ల్యూ"లాగే పాతదాన్ని తుడుస్తుంది, రెండు బాణాలు చివర చేరుస్తాయి. ఏమీ అడగకుండా లెక్క చేసి ముగిసే ప్రోగ్రామ్‌లకు అది చక్కని సౌకర్యం, చిట్టా చదివి పట్టిక రాసే రెండో ప్రోగ్రామ్‌కు కావాలంటే వాడుకోండి.

ఇక సేటు సంగతి. చెప్పకుండా ఉండే దారి మీకు నిజంగా ఉందా అని ఆలోచించండి. పోయిన వారం లెక్క తిరిగి రాయాలంటే తక్‌పట్టీ నకళ్లు కావాలి, అవి పెద్ద గుమాస్తా బీరువాలో ఉంటాయి. ఆయన భోజనానికి వెళ్లినప్పుడు తీసి ఎక్కించుకోవచ్చునని మీరు రాశారు. పని జరగవచ్చు. కానీ ఎవరైనా చూస్తే, లెక్కలు పోయిన సంగతి కన్నా చాటుగా బీరువా తెరిచిన సంగతే పెద్దదవుతుంది; మార్కెట్‌లో మనుషులు పైసా పోయినా ఓర్చుకుంటారు, చేతివాటం అనుమానాన్ని ఓర్చుకోరు. నాకు ఇది తగని పనిగానే కనిపిస్తోంది.

ముందు ప్రోగ్రామ్ సరిచేసుకుని తరువాత చెప్పడం ఒక దారి. చెప్పేటప్పుడు చేతిలో విరుగుడు ఉంటుంది, మాట తడబడదు. అయితే ఈలోగా ఎవరైనా రైతు బకాయి అడగడానికి వచ్చి, సేటు మిమ్మల్ని ఫైల్ తెరవమంటే, మీరు దాచారన్న మాట నిలిచిపోతుంది. రేపే చెప్పడం రెండో దారి. కోపం ఉంటుంది, కంప్యూటర్ మళ్లీ మూలకు వెళ్లవచ్చు, కొన్నాళ్లు చేతిరాతే నడవవచ్చు. కానీ నకళ్లు అడిగి తీసుకోవచ్చు, పెద్ద గుమాస్తా పక్కన కూర్చుని చదివితే మీరు కొట్టవచ్చు, ఒక్క పూటలో వారం లెక్క తిరిగి వస్తుంది. రైతుల చేతికి తక్‌పట్టీలు వెళ్లే ఉన్నాయి కనుక, మీరు రాసినదాన్ని బట్టి ఎవరి డబ్బూ పోలేదు. పోయినది దుకాణం దగ్గరుండే కూడిక మాత్రమే. ఈ మాట సేటుకు మొదటి వాక్యంలోనే చెప్పండి. ఎందుకంటే లెక్క పోయిందని వినగానే ఆయన మనసు పోయేది రైతుకు ఇవ్వవలసిన జవాబు మీదికే. "కంప్యూటర్ బాగాలేదు" అని మీరు ఇంతకుముందు అన్నదాన్నీ అప్పుడే సవరించుకోండి, వేరుగా మరో రోజు చెప్పవలసి వస్తే బరువు పెరుగుతుంది.

ఆయన మళ్లీ అనుమతి ఇస్తే, ఈ పత్తి సీజన్ ముగిసేదాకా చేతిరాతనూ, ప్రోగ్రామ్‌నూ పక్కపక్కన నడపమని మీరే అడగండి. రెండు పనులు మీ మీద పడతాయి, చదువుకునే సమయం తగ్గుతుంది, పరీక్ష దగ్గరలో ఉంటే ఇది మోయలేని బరువే. అలాంటప్పుడు ప్రోగ్రామ్‌ను కొన్నాళ్లు ఆపి, మిర్చి రాక మొదలయ్యే నాటికి తయారుగా ఉంచుకోవడం మేలు. రోజూ సాయంత్రం రెండు మొత్తాలూ ఒకే కాగితం మీద పెద్ద గుమాస్తా చేత సంతకం చేయించుకుంటే, ఆయన కూడా ఈ పనిలో భాగస్వామి అవుతారు. ఆయన నవ్వు మిమ్మల్ని నొప్పించిందని రాశారు. ఫ్లోట్ చేసిన తప్పును కాగితం మీద పట్టుకున్న మనిషి ఆయన. పరీక్షించేవారు దొరకడం ప్రోగ్రామ్ రాసేవారికి అంత తేలిక కాదు.

ఇంటర్వ్యూలలో చెప్పుకోవచ్చా అన్న మీ చివరి ప్రశ్నకు, తప్పక చెప్పుకోవచ్చు. డిగ్రీ పట్టా ఉన్నవారందరూ ఫైల్‌కు రాయడం వచ్చునని అంటారు. ఏ విధంలో తెరిస్తే ఏది పోతుందో, బఫర్ ఎప్పుడు ఖాళీ అవుతుందో, ఎఫ్‌క్లోజ్ ఫలితం ఎందుకు చూడాలో అడిగినప్పుడు తడుముకోకుండా చెప్పగలిగేవారు తక్కువ. మీరు ముందు సరిచేసి, కొంతకాలం దుకాణంలో నడిపి, అప్పుడు దరఖాస్తులో రాయండి. ప్రోగ్రామ్ ప్రతిని, ఒక నమూనా చిట్టాను అచ్చు తీసి వెంట తీసుకువెళ్లండి. ఆ నమూనాలో అసలు రైతుల పేర్లు, ఊర్లు, మొత్తాలు ఉండకూడదు. అవి దుకాణం లెక్కలు, వాటిని బయటికి తీసుకువెళ్లడానికి సేటు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. నంబర్ల ఫైల్‌లో ఉత్తుత్తి పేర్లు పెట్టి ఒక రోజు చిట్టాను కొత్తగా రాయించుకుంటే సరిపోతుంది.